నల్ల అట్టల నవలలు

రాంగోపాల్‌పేట్,
4 జూలై 1948.

ప్రేమమణికి పెద్దనాయన దీవెనలు.

రైల్వే గార్డు సామ్యూల్ నీ మూట భద్రంగా అందించాడు. మూడు నవలలనూ ప్రెస్సులో అట్టలు వేయకముందే, కుట్టని ఫారాలుగా కొని పంపావు. తెలివైన పని. బెజవాడ అట్ట మూడు నెలలకు ఊడుతుంది. లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్లు రిజిస్టర్లు బైండు చేసిన చేయి నాది. నేను కుట్టింది ఊడదు.

ఇక్కడ బట్ట దొరకడం లేదు. సరిహద్దులో సామాన్లు ఆపుతున్నారు. ఉప్పుకే తక్లీఫ్‌గా ఉంది, బైండింగు బట్ట ఎవరు తెస్తారు. చర్చి గోదాములో కీర్తనల పుస్తకాలకని తెచ్చిన నల్ల బట్ట మిగిలి ఉంది. పాదిరి అయ్యగారిని అడిగాను. "పుస్తకాలకే గదా, తీస్కో" అన్నారు. ఏ పుస్తకాలకో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. మూడింటికీ నల్ల అట్ట, ఎర్ర రిబ్బను. పేరు అద్దడానికి బంగారు రేకు లేదు. వీపు ఖాళీగా వదిలాను.

అభిప్రాయం అడిగావు.

"రెండో బండి" ప్రేమ నవల. స్టేషనులో బండి ఆగిన ఏడు నిమిషాల్లో ఆ పిల్లవాడు ఆ పిల్లతో మూడు పేజీలు మాట్లాడతాడు. గడియారం పెట్టి చదివాను. పదకొండు నిమిషాలు పట్టింది. బండి వెళ్లిపోయి ఉంటుంది. అదీగాక నిజంగా ప్రేమించినవాడు అంత మాట్లాడడు.

"పాదరసపు కోట" మాయల కథ. మాంత్రికుడికి రానిది లేదు. అన్నీ వచ్చినవాడిని చూసి మనం భయపడతాం గాని, వాడి కోసం భయపడం. కథకు రెండోది కావాలి. ఎలుక మాత్రం బాగుంది. దానికి ఒక్క తలుపు తెరవడమే వచ్చు.

"ఉత్తర గుమ్మం" చరిత్ర నవల. భాష బరువు. శత్రువులు కోటను చుట్టుముడతారు, రాజు గుమ్మం తెరవడు, అందరూ చస్తారు. రచయిత దాన్ని గొప్ప ముగింపు అనుకున్నాడు. నేను అనుకోను.

నువ్వు చర్చి పక్క చదువుగదిలో పెట్టిపోయిన అలమారులో ఇప్పుడు నలభై ఒక్క నవలలు. తాళంచెవి నా దగ్గరే ఉంది.

యేసుదాసు.


బెజవాడ,
19 జూలై 1948.

పెద్దనాయనకు, ప్రేమమణి నమస్కరించి రాసేది.

గడియారం పెట్టుకుని ప్రేమ నవల చదివే మనిషి నైజాం రాజ్యంలోనూ, ఇటు యూనియన్‌లోనూ కలిపి మీరొక్కరే ఉంటారు! మా స్కూలు టీచర్లలో ఆ మూడు పేజీలూ కంఠతా వచ్చినవాళ్లు నలుగురున్నారు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే మా డ్రిల్లు టీచరు, "మీ పెద్దనాయనకు పెళ్లయిందా అసలు?" అని అడిగింది. అయింది, పెద్దమ్మ బంగారంలాంటి మనిషి, పోయి ఆరేళ్లయింది అని చెప్పాను. నిజం చెప్పండి, మీరు పెద్దమ్మతో ఒక్క పేజీ అయినా మాట్లాడలేదా?

"పాదరసపు కోట" గురించి మీతో పోట్లాడను. ఎలుక నాకూ నచ్చింది. "ఉత్తర గుమ్మం" ముగింపుకు మాత్రం నేను గంటసేపు ఏడ్చాను. ఏడ్పించింది గొప్పది కాకుండా ఎలా పోతుంది?

ఒక్క భయం. నేను అలమారు పెట్టిన రోజే అబ్రహాం మాస్టారు, "సంఘంల ఆడపిల్లలకు నవలలెందుకమ్మా? వాక్యం సరిపోదా?" అన్నారు. ఆయన హెడ్మాస్టరు ఉద్యోగం మానినా గొంతు మానలేదు. ప్రతి ఆదివారం చర్చిలో పాఠం చదివేదీ ఆయనే, కమిటీలో తీర్పు చెప్పేదీ ఆయనే. జాగ్రత్తగా ఉండండి. అమ్మానాన్నలు పోయాక మీ బైండింగు బల్ల కింద కూర్చుని నేను చదువు నేర్చుకున్నాను. ఆ వీధిలో ఇంకో పిల్లకు అలాంటి బల్ల లేదు. అందుకే ఆ అలమారు.

మీ ప్రేమమణి.


రాంగోపాల్‌పేట్,
22 ఆగస్టు 1948.

ప్రేమమణికి దీవెనలు.

మాట్లాడేది మీ పెద్దమ్మ. నేను వినేవాణ్ణి. ముప్పై ఏళ్లు బాగా గడిచాయి. అభిప్రాయం మారలేదు.

ఏడ్పించింది గొప్పది కాదు. ఉల్లిపాయ కూడా ఏడ్పిస్తుంది.

ఇక్కడ పరిస్థితి బాగులేదు. పొద్దు వాలితే ఎవరూ బయటికి పోవడం లేదు. సామ్యూల్ డ్యూటీ మార్చారు. ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు.

అలమారు ఖాళీ అయింది. ఒక్క పుస్తకం లేదు. తర్వాత రాస్తాను.

యేసుదాసు.


బెజవాడ,
9 అక్టోబరు 1948.

పెద్దనాయనా,

మీ ఆగస్టు ఉత్తరం నాకు మొన్న అందింది. మధ్యలో మిలిటరీ వచ్చింది, రాజ్యం మారింది, నేను మాత్రం ఏ వార్తా లేక పేపరులో సికింద్రాబాద్ అనే మాట ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చున్నాను. మీరు క్షేమమేనా? ముందు అది రాయండి.

తర్వాత రెండోది రాయండి. "అలమారు ఖాళీ అయింది, ఒక్క పుస్తకం లేదు, తర్వాత రాస్తాను" అంటే ఏమిటి అర్థం? దోచుకున్నారా? తగలబెట్టారా? మాస్టారు తీసుకుపోయారా? నలభై ఒక్క పుస్తకాలు పోతే రెండు ముక్కల్లో రాసి ఊరుకుంటారా ఎవరైనా? రెండు రాత్రులు నాకు నిద్ర లేదు.

ఈసారి దయచేసి పూర్తి వాక్యాలు రాయండి.

ప్రేమమణి.


రాంగోపాల్‌పేట్,
13 అక్టోబరు 1948.

ప్రేమమణికి దీవెనలు.

క్షేమం. వీధిలో అందరూ క్షేమం.

పుస్తకాలు పోలేదు. ఆడవాళ్లు చదవడానికి తీసుకుపోయారు. అలమారు అందుకని ఖాళీ. అది మంచి వార్త అనుకుని రాశాను.

పూర్తి వాక్యాలు అడిగావు గనక రాస్తున్నాను.

సెప్టెంబరులో మిలిటరీ బయలుదేరిందని తెలిసినప్పటి నుంచి వారం రోజులు గల్లీలో అందరం తలుపులు వేసుకుని ఉన్నాము. ఎవరు వస్తారో, ఎటునుంచి వస్తారో తెలియదు. పగటిపూట పది ఇళ్ల ఆడవాళ్లు సలోమమ్మ ఇంట్లో చేరారు. ఆ ఇంటికి దొడ్డిదారి ఉంది. చదువు వచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లు విన్నారు. నేను గడప దగ్గర కూర్చున్నాను.

ఫైర్‌మన్ యెషయా భార్య రోసమ్మ నీకు తెలుసు. యెషయా బండి మీద డోర్నకల్ వైపు పోయి పన్నెండు రోజులు జాడ లేడు. ఆ అమ్మాయి "రెండో బండి" చదువుతూ ఒకచోట ఆగి నన్ను అడిగింది.

"పెద్దయ్యా, నువ్వు మొత్తం చదివినవు గదా. గీ కథల పోరడు మల్లొస్తడా?"

"వస్తడు బిడ్డా."

"ఎన్నో పేజీల?"

"రెండు వందల పదిల."

అప్పుడు ఆమె నూట నలభైలో ఉంది. ముందుకు తిప్పలేదు. వరసగానే చదివింది. ఆ మూడు పేజీల మాటలు వచ్చినప్పుడు గదిలో ఎవరూ గడియారం చూడలేదు. నేనూ చూడలేదు. ఆ నవల మీద నా మొదటి అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నాను. బండి ఏడు నిమిషాలు ఆగుతుందని రాయడం మాత్రం తప్పే. అది నిలుస్తుంది.

యెషయా ఇరవై ఐదో తారీకున వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. రోసమ్మ తిట్టింది, మూడు పేజీలకు తక్కువ ఉండదు.

చర్చి వేదిక మీది పెద్ద బైబిలు వీపు విరిగింది. బైండింగుకు నా దగ్గరికి వచ్చింది. అది పూర్తయ్యేదాకా అక్కడ చిన్న బైబిలు పెట్టారు. దానికీ మొన్న ఆ నల్ల బట్టే వేశాను.

యేసుదాసు.


(పోస్టుకార్డు)
రాంగోపాల్‌పేట్,
1 నవంబరు 1948.

ప్రేమమణికి దీవెనలు.

నిన్న కోత పండుగ ఆరాధన. అబ్రహాం మాస్టారు వేదిక మీద నుంచి మన "ఉత్తర గుమ్మం" తొమ్మిదో ప్రకరణం చదివారు. సంఘమంతా శ్రద్ధగా విన్నది. ఆ ప్రకరణం నేను అనుకున్నదానికన్నా బాగుంది. బరువు అన్న భాష గట్టిగా చదివితే నిలబడుతుంది. అభిప్రాయం మార్చుకున్నాను.

యేసుదాసు.


బెజవాడ,
5 నవంబరు 1948.

పెద్దనాయనా!

కార్డు చదివి స్టాఫ్ రూములో కేక వేశాను. అబ్రహాం మాస్టారా! వేదిక మీద నుంచా! కోత పండుగ రోజునా! "వాక్యం సరిపోదా" అన్న మనిషి! దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందంటే నమ్మాను గాని, మాస్టారికి కూడా వచ్చిందంటే ఇప్పుడే నమ్ముతున్నాను.

ఊరుకోలేక నిన్ననే ఆయనకు నేరుగా ఉత్తరం రాసేశాను. "తమరు పెద్ద మనసుతో నవలను దేవుని మందిరంలో చదివి సంఘానికి కొత్త దారి చూపారు. ఇకమీదట ప్రేమ నవలలు కూడా తమ గంభీరమైన గొంతులో వినే భాగ్యం మా వీధి ఆడవాళ్లకు కలగాలి" అని. దానితోపాటు కొత్తగా వచ్చిన మాయల నవల ఒకటి ఆయన పేరున బుక్‌పోస్టులో పంపాను. సంతోషిస్తారు కదూ?

ఉప్పొంగిపోతున్న
ప్రేమమణి.


రాంగోపాల్‌పేట్,
12 నవంబరు 1948.

ప్రేమమణికి దీవెనలు.

సంతోషించలేదు.

కార్డు మీద ఇంకా నాలుగు వరసల చోటు ఉండింది. నేను రాయలేదు. తప్పు నాది. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తాను.

కోత పండుగ అలంకరణ ఈసారి రోసమ్మ వంతు. గుమ్మడికాయలు, జొన్న కంకులు వేదిక మీద సర్దుతూ, రెండు చేతులూ కావాలని పొరుగామె నాకు తిరిగి ఇమ్మని ఇచ్చిన పుస్తకం పాఠం చదివే బల్ల మీద పెట్టింది. అది "ఉత్తర గుమ్మం". చిన్న బైబిలు గుమ్మడికాయల వెనక్కి పోయింది. రెండూ ఒక్క బట్ట, ఒక్క కొలత, రెండింటి వీపూ ఖాళీ. రెండింటిలోనూ ఎర్ర రిబ్బను.

మాస్టారి కళ్లద్దాలు సెప్టెంబరులో పగిలాయి. పాతవి పెట్టుకుని వచ్చారు. "రాజుల రెండవ గ్రంథము" అని చెప్పి రిబ్బను ఉన్నచోట తెరిచి షురూ చేశారు.

"ఆ దినమున రాజు ప్రాకారముమీద నిలిచి చూడగా శత్రుసేనలు లోయనంతటిని కప్పియుండెను. అంతట రాజు ద్వారపాలకుని పిలిచి, ఉత్తర గుమ్మమును మూయుము, నేను చెప్పువరకు తెరువకుము అనెను."

ఎవరికీ అనుమానం రాలేదు. మామూలుగా పాఠం చదివేటప్పుడు వెనక బెంచీల్లో కునుకు తీస్తారు. ఆ రోజు ఎవరూ తీయలేదు. కమిటీ సెక్రటరీ దేవానందం "ఆమేన్" అన్నాడు కూడా. ఒకటిన్నర పేజీ అలా నడిచింది. తర్వాత వచ్చింది, "రాజు తాంబూలము సేవించి సభకు పోయెను" అని.

ఆడవాళ్ల వైపు నుంచి సలోమమ్మ లేచింది. ఆమెకు చెవుడు గనక గట్టిగా అడిగింది.

"ఏందీ, గా దేశంల సుత తమలపాకులు దొరుకుతయా?"

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. అయ్యగారు కీర్తన ఎత్తుకున్నారు.

నేను మొదటి వాక్యానికే గుర్తు పట్టాను. లేచి చెప్పవలసింది. లేవలేదు. ఇంకొకటి కూడా ఉంది, నీకు చెప్పాలి. వినడానికి బాగుండింది.

ఆరాధన అయ్యాక మాస్టారు నన్ను పిలిచారు.

"యేసుదాసు, గిదేం కితాబు?"

"నవల, మాస్టారూ."

"నల్ల బట్ట ఎందుకేసినవ్?"

"ఇంకో బట్ట దొరకలే."

"రిబ్బను?"

"పుస్తకమన్నంక రిబ్బను ఉండాలె."

సాక్ష్యమని పుస్తకం ఆయన పట్టుకుపోయారు. వారం గడిచేసరికి కోపం తగ్గింది. నాలుగు మాటలు అని వదిలేసేవారు. అప్పుడు నీ ఉత్తరం, నీ నవల చేరాయి. ఎగతాళి చేశావనుకున్నారు. నా చేతనే రాయించానని అనుకున్నారు. ఉత్తరాన్ని కమిటీలో పైకి చదివారు. "గంభీరమైన గొంతు" దగ్గర ఆయన గొంతు వణికింది.

ఈ నెల ఇరవై ఎనిమిదిన కమిటీ కూర్చుంటుంది. నవలలన్నీ కాగితాల వ్యాపారికి తూకానికి ఇచ్చేసి, అలమారులో కీర్తనల పుస్తకాలు పెట్టాలని మాస్టారి తీర్మానం. తాళంచెవి నా దగ్గర నుంచి తీసుకుంటారు. అయ్యగారు ఒక్క షరతు పెట్టారు. నేను ఒక్కో పుస్తకం గురించి ఉంచవచ్చో ఉంచరాదో కమిటీ ముందు చెప్పాలి. చెప్పకపోతే తీర్మానం పాసవుతుంది.

కమిటీలో నేను ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. ఇంతవరకు అక్కడ నేను పలికిన మాట "సరే" ఒక్కటే. మాస్టారికి అది తెలుసు. అందుకే ఆ షరతుకు వెంటనే ఒప్పుకున్నారు.

యేసుదాసు.


బెజవాడ,
17 నవంబరు 1948.

పెద్దనాయనకు,

ఏమని రాయను. నేను చేసిన పనికి నా చేతులు నేనే కోసుకోవాలనిపిస్తోంది. మాస్టారికి క్షమాపణ రాద్దామని నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. ఇంకో ఉత్తరం వెళితే ఇంకేం జరుగుతుందో అని భయం.

పరీక్షలున్నాయి, సెలవు ఇవ్వరు, నేను రాలేను. కాని ఒక ఉపాయం చేశాను. నలభై ఒక్క పుస్తకాలకూ ఒక్కొక్క వాక్యం రాసి దీనితో పంపుతున్నాను. "ఇది పాతివ్రత్యమును బోధించును", "ఇది గర్వభంగమును తెలుపును", ఇలాగ. "పాదరసపు కోట"కు "ఇది విగ్రహారాధన యొక్క నిరర్థకతను చూపును" అని రాశాను, ఎలుక సంగతి ఎత్తకండి. "రెండో బండి"ని వైవాహిక జీవితానికి ఉపదేశం అనండి. మీరు తల ఎత్తనక్కర్లేదు, కాగితం చూసి చదివేస్తే చాలు. అన్నీ నీతి పుస్తకాలని తేలితే మాస్టారు ఏమనగలరు?

పెద్దనాయనా, ఈ ఒక్కసారికి మీ సొంత అభిప్రాయాలు చెప్పకండి. దండం పెడతాను.

ప్రేమమణి.


రాంగోపాల్‌పేట్,
22 నవంబరు 1948.

ప్రేమమణికి దీవెనలు.

నీ వాక్యాలు అందాయి. బాగా రాశావు. నేను చదవను.

"రెండో బండి" ఉపదేశం కాదు. ఉపదేశమైతే రోసమ్మ రెండు వందల పదో పేజీ దాకా ఓపిక పట్టేది కాదు.

నాకు రెండు పనులు వచ్చు. పుస్తకం కుట్టడం, అది బాగుందో లేదో చెప్పడం. రెండోదాంట్లో అబద్ధమాడితే మొదటిదాన్ని కూడా ఎవరూ నమ్మరు.

నలభై ఒకటీ మళ్లీ తిరగేస్తున్నాను. ఇళ్ల నుంచి ఆడవాళ్లు తెచ్చి ఇస్తున్నారు. ఒక్కొక్కరు ఇచ్చేటప్పుడు, "మల్లిస్తవు గదా పెద్దయ్యా?" అని అడుగుతున్నారు. పేరు రాసుకుని తీసుకుంటున్నాను.

మాస్టారి దగ్గరున్నది ఒక్కటే రాలేదు.

యేసుదాసు.


రాంగోపాల్‌పేట్,
29 నవంబరు 1948.

ప్రేమమణికి దీవెనలు.

నిన్న మధ్యాహ్నం కమిటీ జరిగింది. చదువుగదిలోనే. అయ్యగారు, మాస్టారు, సెక్రటరీ దేవానందం, ఇంకో ఆరుగురు. కిటికీల బయట వరండాలో ఆడవాళ్లు నిలబడ్డారు. పొమ్మని ఎవరూ అనలేదు.

నేను లేచి కాగితం తీశాను. మొదటి పుస్తకం పేరు చదివేసరికి దేవానందం, "జెర గట్టిగ" అన్నాడు. రెండోది గట్టిగా చదివాను.

ఒక్కో దానికి ఒక్కో మాట. ఉంచవచ్చు. ఉంచవచ్చు, మధ్యలో నలభై పేజీలు దండగ. ఉంచవచ్చు, దొంగ మంచివాడు. పదకొండోదానికి "ఉంచరాదు" అన్నాను. మాస్టారు ముందుకు వంగారు.

"ఆఁ, చెప్పు. అశ్లీలమా?"

"కాదు మాస్టారూ. విసుగు."

వరండాలో నవ్వు వినిపించింది. మాస్టారు అటు చూశారు. ఇరవయ్యోదానికీ ఉంచరాదన్నాను, చివరి రెండు ఫారాలు లేవు. ముప్పైమూడోదానికీ అన్నాను. అందులో కథానాయకుడు భార్యను కొట్టడం రచయితకు సరదాగా ఉంది, నాకు లేదు. అప్పుడు వరండాలో ఎవరూ నవ్వలేదు. సలోమమ్మ పక్కనున్న పిల్లను ఏమన్నడని అడిగింది. ఆ పిల్ల చెప్పింది. సలోమమ్మ తల ఊపింది.

చివర "ఉత్తర గుమ్మం" వచ్చింది.

"ఉంచవచ్చు. ముగింపు తప్పు" అన్నాను.

మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"తప్పేంది? ముగింపు తప్పంటవా? రాజన్నంక మాట మీద నిలబడాలె. తెరువనన్నడు, తెరువలే. పాణం పోయినా తెరువలే. గంత గొప్ప ముగింపును పట్టుకొని..."

దేవానందం మెల్లగా అడిగాడు. "మాస్టారూ, మీరు ఆఖరిదాక చదివిండ్రా?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడిచారు. కొత్తవి.

"సాక్ష్యం చదవకుంట తీర్పు ఎట్ల చెప్తరయ్యా?" అన్నారు.

అయ్యగారు పెదవి బిగించి కిటికీ వైపు తిరిగారు. అక్కడితో ఆగవచ్చు. కాని మాస్టారు నన్ను వదలలేదు.

"నువ్వు చెప్పు యేసుదాసు. గుమ్మం తెరిస్తే చరిత్రల ఆయన పేరు ఎట్ల నిలుస్తుండె?"

నాకు కాగితం మీద రాసుకున్నది అంతటితో అయిపోయింది. అయినా చెప్పాను. ఏం చెప్పానో నాకు పూర్తిగా గుర్తు ఉంది, ఎందుకంటే నేను అంత మాట్లాడటం అదే మొదలు.

"పేరు రాజుకు వస్తది మాస్టారూ. కోటల మూడు వేల ఇండ్లున్నయని రెండో ప్రకరణంల ఆయనే రాసిండు. ఆఖరి ప్రకరణంల ఒక్క ఇల్లు కనబడదు. జెండా కనబడతది, కత్తి కనబడతది. ఇండ్లల్ల ఉన్నోళ్లు ఏమైన్రో రాయలే. సెప్టెంబరుల మనం సుత తలుపులేసుకొని కూసున్నం. మన ఆడోళ్లు, పిల్లలు లోపట ఉండిరి. పైన ఎవరో ఒకరు 'చాలు' అంటే బాగుండని అనుకున్నం గాని, ఆ పెద్దోళ్ల పేరు చరిత్రల నిలవాలని ఎవరన్న అనుకున్నమా? నేనైతే అనుకోలే."

కూర్చున్నాను.

మాస్టారు పుస్తకం మీద చేయి వేశారు. సెప్టెంబరు ఆ వారమంతా ఆయన కొడుకు ఔరంగాబాద్ వైపు ఉద్యోగంలో చిక్కుకుపోయాడు. ఇంట్లో ఈయన, కోడలు మేబెల్, ఇద్దరు పసిపిల్లలు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

తర్వాత ఆయన అన్నారు. "మా మేబెల్ గూడ గదే అన్నది. ముగింపు తప్పని. నేను కొట్టిపారేసిన." పుస్తకం నా వైపు జరిపి, "నాకు ఇప్పటికీ నచ్చింది. అది వేరే మాట" అన్నారు.

మేబెల్ వరండాలోనే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటికి వెళ్లే తొందరలో ఉన్నట్టు తీర్మానాలు గబగబా జరిగాయి. మూడు పుస్తకాలు తీసేయాలి. ముప్పై ఎనిమిది ఉంటాయి. నల్ల బట్ట విప్పి వేరే రంగు వేయాలి. తాళంచెవి నా దగ్గరే.

ఆఖరున మాస్టారు, తప్పుకు శిక్ష ఉండాలన్నారు. నవల తప్పుగా ఒకటిన్నర పేజీ సంఘానికి వినిపించింది గనక, మొత్తం సరిగా వినిపించాలట. ప్రతి శనివారం నాలుగు గంటలకు చదువుగదిలో, చదువు రానివాళ్ల కోసం. చదవవలసింది బైండు చేసినవాడే. చేతులెత్తారు. అన్నీ లేచాయి. వరండాలో కూడా లేచాయి, వాటికి లెక్క లేకపోయినా.

నేను కుదరదన్నాను. కమిటీలో నేను మొదటిసారి "సరే" అననిది దీనికే. ఎవరూ వినలేదు.

యేసుదాసు.


బెజవాడ,
3 డిసెంబరు 1948.

పెద్దనాయనకు,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను, రెండోసారి నవ్వలేదు, మూడోసారి మా స్కూల్లో ఉన్న "ఉత్తర గుమ్మం" తీసి ఆఖరి ప్రకరణం మళ్లీ చదివాను. ఇళ్లు లేవు. ఒక్కటి కూడా లేదు. గంటసేపు ఏడ్చినదాన్ని, నేనెందుకు చూడలేదు?

నేను రాసి పంపిన నలభై ఒక్క వాక్యాలు పొయ్యిలో వేయండి.

మాస్టారికి ఈరోజు రెండు వరసల క్షమాపణ రాశాను. మీలాగా, తక్కువ మాటల్లో. ఈసారి ఎలాంటి పుస్తకమూ పంపలేదు.

శనివారం సంగతి వెంటనే రాయండి. వాళ్ల ముందు మీ గొంతు వస్తుందో రాదో అని నాకిక్కడ చేతులాడడం లేదు.

మీ ప్రేమమణి.


రాంగోపాల్‌పేట్,
12 డిసెంబరు 1948.

ప్రేమమణికి దీవెనలు.

నీ క్షమాపణ మాస్టారికి అందింది. "పిల్ల తెలుగు బాగుంది" అన్నారు. ఆ సంగతి అయిపోయినట్టే.

నిన్న చదివాను.

ముప్పై మంది వచ్చారు. బెంచీలు చాలక చాపలు వేశారు. మాస్టారు గోడవార కుర్చీలో కూర్చున్నారు, తప్పులు పట్టడానికి. మొదటి పేజీ నా చెప్పులకు చదివాను. సలోమమ్మ తన చాప లాక్కొచ్చి నా మోకాలి దగ్గర కూర్చుని, "నాకు ఇనబడుతలేదు" అంది. రెండో పేజీ ఆమెకు చదివాను. ఆమెకు వినబడితే అందరికీ వినబడినట్టే.

నాలుగో పేజీలో ఒక మాట తప్పు పలికాను. మాస్టారు సరిచేశారు. ఏడో పేజీలో నేను ఒప్పే చదివితే ఆయనే తప్పుగా సరిచేశారు. పుస్తకం తిప్పి చూపించాను. ఒప్పుకున్నారు.

ఇంత పొడుగు వాక్యాలు రాసినవాడికి శ్వాస సంగతి తెలియదని చదువుతుంటే అర్థమైంది. దమ్ము దొరకని చోట నేనే ఆగాను. ఆగినచోట కథ ఇంకా బాగుంది. ఇది నా అభిప్రాయం, రచయితకు చేరవేయగలిగితే చేరవేయి.

రెండో ప్రకరణం చివర శత్రువుల గుర్రం ఒకటి, ఎక్కినవాడు లేకుండా, కోట గుమ్మం ముందు వచ్చి నిలబడుతుంది. అక్కడ పుస్తకం మూశాను. రోసమ్మ లేచింది.

"అయ్యో, ఆపినవేంది పెద్దయ్యా? గుర్రం ఎవలది?"

"చెప్ప" అన్నాను.

"గదేం మనిషివయ్యా! ముసలోనివైనవు, జెర దయ లేదు!"

కథ తెలిసిన మేబెల్ కూడా అన్యాయమంది. సలోమమ్మ నా చేయి పట్టుకుని, తనొక్కదాని చెవిలో చెప్పమంది. ఆమె చెవిలో చెబితే వీధి చివరిదాకా వినబడుతుంది. చెప్పలేదు. అందరూ నన్ను తిట్టుకుంటూ చాపలు చుట్టారు. తిట్టుకుంటూనే మెట్లు దిగారు. వీధి మలుపు దాకా ఆ తిట్లు వినిపించాయి.

నన్ను ఇంతమంది కలిసి తిట్టడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. చాలా బాగుంది.

యేసుదాసు.